ఆరు వరుసల లాటిన్

నేను లాటిన్ చదువుతున్న సంగతి మా గల్లీల మొదట తెలిసింది పక్కింటి పెద్దమ్మకు. జనగామల మా ఇంటి ముందు నల్లా దగ్గర బిందె పెట్టుకొని నిలబడి, "ఏం సదువుతున్నవ్ బిడ్డా, గంత దూరం పోయి?" అని అడిగింది. చెప్పిన. ఆమె బిందె సంగతి మర్చిపోయి నా మొఖం దిక్కు చూసింది. నీళ్లు పొంగి కాళ్ల మీద పడుతున్నయి.

"లెట్రినా? దానికి గూడ సదువుంటదా?"

నేను నవ్విన. అమ్మ నవ్వలే. ఆ దినం నుంచి ఎవరడిగినా అమ్మ "ఇంగ్లీషు ఎమ్మే" అనే చెప్పింది. అది అబద్ధం కాదు. నేను చేరింది ఇంగ్లీషు ఎమ్మేలనే. దాంతోపాటు రెండేండ్లు ఒక పరాయి భాష చదవాలని రూలు ఉండె. నేను రైలు దిగి, సామాను మోసుకొని, ఒక సర్టిఫికెట్ మీద ఇంకో ముద్ర వేయించుకొని ఆఫీసు కిటికీ దగ్గరికి చేరేసరికి ఫ్రెంచి నిండిపోయింది, జర్మన్ నిండిపోయింది. కిటికీ లోపలి క్లర్కు తల ఎత్తకుండ, "లాటిన్ల ఖాళీలున్నయి" అన్నడు.

"ఎన్ని సార్?"

"అన్నీ ఖాళీలే."

అట్ల వచ్చింది లాటిన్ నా బతుకులకు. నేను కోరుకోలే.

మూడో అంతస్తు చివర ఒక రూము. నలుగురం విద్యార్థులం. మా సారు డెబ్బై దాటిన మనిషి, మంగళూరు దిక్కు ఆయన. చిన్నప్పుడు ఫాదరు కావాలని సెమినరీల చేరి, నడుమ బయటికొచ్చి, పెండ్లి చేసుకొని, ఇగ ఆ తర్వాత బతుకంతా లాటిన్ చెప్పుకుంట గడిపిండు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. కానీ నాకు ఆయన మాటలు ఎందుకో తెలుగులనే గుర్తున్నయి.

మొదటి ఆరు నెలలు నేను బాగనే చదివిన. లాటిన్ల క్రియ చాలాసార్లు వాక్యం చివర్ల వస్తది. మిగిలినోళ్లు ఇంగ్లీషుల ఆలోచించి క్రియ కోసం ఎతుక్కుంట పరేషాన్ అయ్యేటోళ్లు. నాకు అది కొత్త గాదు, మనం మాట్లాడేదే అట్ల. 'మేము' అని వేరే చెప్పకున్నా, క్రియ చివరి అక్షరాన్ని బట్టి ఎవరు చేసిన్రో తెలుస్తది. ఒకసారి సారు నన్ను లేపి, "మీ భాషల 'వి రీడ్' ఎట్ల అంటరు?" అని అడిగిండు.

"చదువుతున్నం."

"ఒక్క మాటేనా?"

"ఒక్క మాటే సార్."

ఆయన బోర్డు మీద 'లెగిముస్' అని రాసి, పక్కన నా మాటను ఇంగ్లీషు అక్షరాలల్ల రాసిండు. వెనక బెంచీల గుంటూరు దిక్కు నుంచి వచ్చిన అతను కిసుక్కున నవ్విండు. ఏమైందని సారు అడిగితే, "అది సరైన తెలుగు కాదు సార్, 'చదువుతున్నాము' అనాలి. వీళ్లు అట్లా కోసేసి మాట్లాడతారు" అన్నడు. సారు చాక్‌పీస్ చేతిలనే పట్టుకొని, "రోములో గూడ సంతలో మాట్లాడే మాటను పండితులు ఇట్లనే నవ్విన్రు. ఇయ్యాల బతికున్న ఫ్రెంచి, ఇటాలియన్ లాంటి భాషలన్నీ ఆ సంత మాట నుంచే పుట్టినయి" అన్నడు. నా మాటను బోర్డు మీద అట్లనే ఉంచి పాఠం చెప్పిండు.

రెండో ఏడు అసలు సాహిత్యం మొదలైంది. అప్పటిదాక తయారు చేసిన చిన్న చిన్న వాక్యాలు: రైతు పొలానికి పోతడు, ఆడపిల్ల గులాబీ తెస్తది. ఇప్పుడు నిజమైన కవులు. పదకొండు వరుసలు చదవడానికి నాకు ఒక మధ్యాహ్నం పూర్తిగా పట్టేది. ఒక్కొక్క మాట నాకు తెలుసు, వరుస మాత్రం తెల్వదు. విశేషణం ఒక వరుసల ఉంటది, దానికి సంబంధించిన నామవాచకం మూడు వరుసల కింద ఎక్కడో ఉంటది. రెండింటినీ కలిపేది ఒక చిన్న చివరి అక్షరం. నిఘంటువు పక్కన పెట్టుకొని, పెన్సిల్‌తోని గీతలు గీసుకుంట, తలకాయ రెండు చేతుల్ల పట్టుకొని కూసుండేదాన్ని. మా ఇంట్ల ఇద్దరు మనుషులు ఎండల పనిచేస్తుంటే, నేను ఫ్యాను కింద కూసోని ఎప్పుడో చచ్చిపోయిన మనిషి ఏమన్నడో తెల్వక ఏడుస్తున్న. ఆ సిగ్గు వేరే.

ఒకసారి వ్యవసాయం మీద రాసిన పద్యంల నాగలి వచ్చింది. నాగలి భాగాలు ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్తున్నడు కవి. నిఘంటువుల ఇచ్చిన ఇంగ్లీషు మాటలకు నా కండ్ల ముందు ఏ బొమ్మా రాలే. బాపుకు ఫోన్ చేసిన. బాపు చేనుల ఉన్నడు.

"బాపూ, నాగలికి పట్టుకునేదాన్ని ఏమంటరు?"

"మేడి."

"కాడి దాక పోయే పొడుగు కట్టె?"

"నొగ. ఎందుకు బిడ్డా?"

"కింద ఇనుపది?"

"కర్రు. ఎందుకే?"

నేను మేడి, నొగ, కర్రు అని పుస్తకం అంచుల రాసుకున్న. పద్యం మొత్తం కదిలింది. కవి నాగలి చేస్తున్నడు, నాకు కనవడుతున్నది. బాపు ఇంకా లైన్ల ఉన్నడు. "గంత దూరం పోయి నాగలి సదువుతున్నవా? నేను ట్రాక్టరు పెట్టి ఎన్నేండ్లాయె!" అన్నడు. ఆయన గొంతుల ఎగతాళి లేదు, నిజంగనే అర్థం కాలే.

అప్పటికి మేము నలుగురం ఒక్కరమైనం. ఒకామెకు ఉద్యోగం వచ్చింది, ఒకతను ఫ్రెంచికి మారిండు, గుంటూరు అతను గ్రూప్స్ కోచింగ్‌కు పోయిండు. నా ఒక్కదాని కోసం సారు మూడంతస్తులు ఎక్కి వచ్చేటోడు. ఆయన చూపు తగ్గుతున్నది. మొదట భూతద్దం పెట్టుకొని చదివిండు. తర్వాత భూతద్దం గూడ పక్కన పెట్టి, "నువ్వు చదువు, నేను వింట" అన్నడు. నేను తప్పు చదివితే చాలు, చెయ్యి ఎత్తేటోడు. పుస్తకం అంతా ఆయన తలకాయల ఉన్నది.

జనవరిల నోటీసు పెట్టిన్రు. వచ్చే ఏడు నుంచి లాటిన్ ఉండదు. నేను ఒక దరఖాస్తు రాసుకొని ఆఫీసుకు పోయిన. అక్కడి అధికారి మంచిగనే కూసోబెట్టి, మంచిగనే మాట్లాడిండు. "ఒక్క విద్యార్థి ఉన్న సబ్జెక్టు నడిపించాల్నా అమ్మా? నా కుర్చీల కూసోని నువ్వే చెప్పు" అన్నడు. దరఖాస్తు వాపసు తీసుకొని సారు దగ్గరికి పోయి చెప్పిన.

"నాకు తెలుసు. పదహారో వరుస నుంచి చదువు" అన్నడు.

ఎమ్మే అయిపోయింది. సారు బిడ్డ వచ్చి ఆయన్ను మంగళూరు తీసుకపోయింది. నేను ఇంటికొచ్చి, కొన్ని నెలలకు మహబూబాబాద్‌ల ఒక జూనియర్ కాలేజీల ఇంగ్లీషు చెప్పే పనిల చేరిన. మా అక్కను ఇచ్చింది ఆ ఊర్లనే. బావ ఒక ఆఫీసుల క్లర్కు. వాళ్లింట్లనే ఉండి కాలేజీకి పోయి వచ్చేదాన్ని. లాటిన్ పుస్తకాలు మంచం కింద అట్టపెట్టెల ఉండె.

అక్టోబర్‌ల ఒక ఆదివారం, చర్చిల పూజ నుంచి వచ్చి అన్నం తినేటప్పుడు బావ అన్నడు: "మా నాయినమ్మ కాడ ఒక కాగితం ఉన్నది. ఫాదర్‌కు సూపిస్తే, ఇది లాటిను, నాకు రాదు, సదువుకున్నోళ్లకు సూపియ్యిన్రి అన్నడట. నువ్వొకసారి వస్తవా?"

నాకు సంతోషం అయింది. దాచుకునేదేమున్నది? మా జిల్లాలల్ల నా లాటిన్‌తోని ఒక మనిషికి పని పడ్డది.

వరంగల్, పరకాల మీదుగ చిట్యాలకు బస్సుల పోతుంటే బావ అవ్వ సంగతి చెప్పిండు. అవ్వను పసిపిల్లప్పుడు జనగామ దిక్కు ఒక మిషన్ల సిస్టర్లు సాకిన్రు. పెండ్లీడు వచ్చినంక చిట్యాల సంబంధం చూసి పెండ్లి చేసిన్రు. పెండ్లి రోజు అప్పటి తెల్ల ఫాదరు ఆమె జ్ఞానస్నానం కాగితం, అంటే బాప్తిస్మం ఇచ్చిన కాగితం, రాసిచ్చి, చదివి చెప్పిండట. నీ తల్లి పేరు ఇది, ఊరు ఇది, నిన్ను కని కన్నుమూసింది, నిన్ను మా చేతుల పెట్టుమని చెప్పి పోయింది. అవ్వ తన బిడ్డకు ఆ తల్లి పేరే పెట్టుకున్నది. ఆ బిడ్డ చనిపోతే, మా అక్క బిడ్డకు మళ్ల అదే పేరు పెట్టించింది.

"మరి ఇప్పుడు ఏం కావాలె?" అని అడిగిన.

"ఊరు పేరు మర్చిపోయింది."

అవ్వ ఇంటి ముందటి అర్రల పత్తి కుప్ప పక్కన కూసోని ఉన్నది. ఎనభై దాటిన మనిషి, బక్కగ, అద్దాలకు దారం కట్టుకొని. నేను చెప్పులు విడువకముందే రేకుపెట్టె తెరిచింది. అడుగున మరియమాత పటం, పటం వెనక ప్లాస్టిక్ కవరు, కవరుల నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర చినిగి, నాలుగు ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నట్టున్నది.

"నవంబర్ల సమాధుల పండుగ వస్తది గదా. ఈ యేడన్న మా అమ్మ గోరి మీద కొవ్వొత్తి వెట్టాలె బిడ్డా. మల్లేడు ఉంటనో లేనో. ఊరు పేరొక్కటి జెప్పు. తర్వాత మేమే పోతం."

కాగితం మీద ఆరు వరుసలు. నల్ల సిరా, గుండ్రటి అక్షరాలు. ఒక్క అక్షరం గూడ చెదరలే. కవులు నన్ను ఏడిపించినట్టు ఇది ఏడిపించలే. ఒక్క చూపుల అర్థమైంది. ఫలానా దినం, కింద సంతకం చేసిన నేను, సుమారు ఒక నెల వయసున్న ఆడశిశువుకు, 'ఎక్స్ పరెంతిబుస్ ఇగ్నోతిస్', అంటే ఎవరో తెలియని తల్లిదండ్రులకు పుట్టినదానికి, జ్ఞానస్నానం ఇచ్చిన. పెట్టిన పేరు. జ్ఞానతల్లిగ నిలబడ్డ సిస్టరు పేరు. సంతకం. అంతే.

మళ్ల చదివిన. మూడోసారి చదివిన.

"పైకి సదువు బిడ్డా, నేను ఇంట" అన్నది అవ్వ. నేను పైకి చదివిన. ఆమె కండ్లు మూసుకొని సిలువ గుర్తు వేసుకున్నది. "గిదే! గిదే భాష. మా చిన్నప్పుడు పూజల గిట్లనే సదివేటోళ్లు. ఇగ తెలుగుల జెప్పు."

"జర ఒక్క మాట మా సారును అడిగొస్త అవ్వా" అని బయటికొచ్చిన. బోరింగు దగ్గర నిలబడి మంగళూరుకు ఫోన్ చేసిన. ఫొటో పంపినా సారుకు కండ్లు కనవడవు గనుక ఒక్కొక్క మాట చదివిన. సంగతంతా చెప్పిన.

"ఆ మూడు మాటల తర్వాత ఇంకేమన్న ఉన్నదా?"

"లేదు సార్."

"అంచుల? వెనక దిక్కు?"

"ఏం లేదు."

ఆ వరుస ఇంకోసారి చదివించుకున్నడు. "ఇంకో అర్థం రాదమ్మా" అన్నడు.

"ఏం చెప్పాలె సార్ నేను?"

"నేను నీకు వ్యాకరణం చెప్పగలిగిన. ఇది చెప్పలేను."

లోపలికి పోయేసరికి అవ్వ నా దారే చూస్తున్నది. బావ గుమ్మంల నిలబడ్డడు. "దొరికిందా?" అన్నది.

"ఊరు పేరు కాడ సిరా పోయింది అవ్వా. కనవడ్తలేదు."

ఆ మాట నా నోట్లకెళ్లి ఎట్ల వచ్చిందో నాకు తెల్వదు. ఆలోచించి చెప్పింది కాదు. అవ్వ అద్దాలు సరిజేసుకొని కాగితం దిక్కు వంగింది. "నువ్వు గంత సదివినవ్ గదా. జర మల్ల సూడు."

మళ్ల చూసినట్టు చేసిన. తల ఊపిన.

"పోనీ, మా అమ్మ పేరు ఏడున్నది? నా ఏలు దాని మీద వెట్టు."

ఆమె చూపుడువేలు నా చేతికిచ్చింది. పత్తి తీసీ తీసీ గోరు చుట్టు చీలికలు. ఆ వేలు పట్టుకొని నేను కాగితం మీద ఎటు పోవాల్నో తెల్వక, ఆగి, చివరికి 'ఇగ్నోతిస్' అన్న మాట మీద పెట్టిన. ఆమె దాన్ని రెండుసార్లు నిమిరింది. వేలు ముద్దు పెట్టుకున్నది.

నేను లేద్దామనుకుంటుంటే ఆమె మొఖం ఒక్కసారే తేటపడ్డది. "పెద్ద బుక్కు ఉంటది గదా! జనగామల. దాన్ల సూశే గద ఫాదరు రాసిచ్చిండు. దాన్ల సిరా పోకపోవచ్చు!"

నేను చెప్పిన అబద్ధం ఆమెకు దారి చూపించింది. ఎల్లుండే జనగామకు పోదామని లేస్తున్నది. నువ్వు రావద్దు అవ్వా, బస్సు పడదు, నేనే పోయి చూసొస్త అన్న.

తిరిగిపోయేటప్పుడు బస్సు పరకాల దాటింది. బావ అప్పుడు అడిగిండు. "సిరా ఏడ పోయింది? నాకు మంచిగనే కనవడ్డది."

చెప్పిన. ఆయన కిటికీల నుంచి బయటికి చూసుకుంట విన్నడు. "మరి ఆ తెల్లాయన ఎందుకట్ల జెప్పిండు?"

"పెండ్లి రోజు గదా బావా. పెండ్లిపిల్ల ముందల నిలబడి అడిగితే..."

"గాయన సరే. నువ్వెందుకు జెప్పినవ్?"

నేను ఏమని చెప్పాలె?

ఆ శనివారం జనగామ పోయిన. మిషన్ల పాత రిజిస్టర్లు చూసుకునే పెద్దాయన అద్దాల బీరువాలకెళ్లి పుస్తకం తీసి, దుమ్ము తుడిచి, టేబుల్ మీద పెట్టిండు. తారీకు తెలుసు గనుక పేజీ తొందరగనే దొరికింది. నాకు లోపల ఎక్కడో ఆశ ఉండె. రాసిచ్చేటప్పుడు ఫాదరు ఒక మాట విడిచిపెట్టిండేమో అని. నిజంగనే విడిచిపెట్టిండు. రిజిస్టర్ల అవ్వ పేరు పక్కన ఇంకో మూడు మాటలున్నయి. 'ఇన్ పెరికులో మోర్తిస్'. చావు ప్రమాదంల ఉన్నప్పుడు. పిల్ల బతకదని తొందర తొందరగ నీళ్లు పోసిన్రన్నమాట.

తల్లిదండ్రుల దగ్గర మాత్రం కాగితంల ఉన్న అవే మూడు మాటలు. ఆ పేజీల తొమ్మిది మంది పిల్లలున్నరు. వాళ్లల్ల ఆరుగురికి అవే మూడు మాటలు. రాసి రాసి చెయ్యి అలసిందేమో, కింది వరుసలల్ల 'ఇగ్నోతిస్'ను సగానికి కోసి చుక్క పెట్టిండు. రెండేండ్లు కవిత్వం చదివి నేను ఎన్ని అర్థాలు ఎతికిన! ఆ కోసేసిన మాట ముందట నాకు ఏమీ తోచలే.

"సిస్టర్ల మఠంల పిల్లల్ని తెచ్చిచ్చినోళ్ల పేర్లు రాసుకున్న వేరే బుక్కు ఏమన్న ఉన్నదా?" అని అడిగిన.

"ఉండె. చెదలు వట్టింది" అన్నడాయన. "మీరు ఎతికేది దొరికిందా అమ్మా?"

"దొరికింది."

"మంచిదాయె."

ఆదివారం మళ్ల చిట్యాల. ఊరు పేరు పెద్ద బుక్కుల గూడ లేదని చెప్పిన. అవ్వ కొంచెంసేపు పత్తిలకెళ్లి ఆకులు ఏరింది. నేను ఊరుకోలేక, "ఇంకో సంగతి ఉన్నది అవ్వా. నువ్వు బతుకవని రాసిన్రు అండ్ల. సావుబతుకుల మీద ఉంటే జ్ఞానస్నానం ఇచ్చిన్రట" అన్న.

ఆమె చేతులు ఆగినయి. "నేనా?"

"నువ్వే."

"సస్తదనుకున్నరా నన్ను?" పండ్లు లేని నోటితోని పెద్దగ నవ్వింది. లోపల వంట చేస్తున్న చిన్నకోడలును పిలిచింది. "ఇనవే! నేను నెల పిల్లప్పుడే పోవాల్నట. రాసి గూడ పెట్టిన్రట! నలుగురు పిల్లల్ని గని, ముగ్గుర్ని సాగనంపి, ఇంకా గిక్కడ్నే ఉన్న." ఆ సాయంత్రం దాక వచ్చినోళ్లకు పోయినోళ్లకు అదే చెప్పింది. నేను ఆమెకు ఇయ్యగలిగిన నిజం ఆ ఒక్కటే.

సమాధుల పండుగ నాడు చిట్యాల గోరీల కాడ అందరు తమతమ వాళ్ల దగ్గర నిలబడ్డరు. అవ్వ తన తల్లి కోసం మధ్యల పెద్ద సిలువ కింద మట్టి జరిపి కొవ్వొత్తి పెట్టింది. నేను గాలి తగలకుండ చేతులు అడ్డం పెట్టిన.

క్రిస్మస్ దాటినంక చిన్నకోడలు ఫోన్ చేసింది. ఆమె ఏడో తరగతి దాక చదువుకున్నది, ఇంగ్లీషు అక్షరాలు తెలుసు. అవ్వ ఇంటికి వచ్చిన ప్రతి మనిషికి కాగితం తీసి, వేలు పెట్టి తల్లి పేరు చూపిస్తున్నదట. "నేను అచ్చరాలు కూడవెట్టి సూశిన బిడ్డా. ఐ, జి, ఎన్ ఉన్నయి. మా అత్త జెప్పే పేరు గది గాదు గదా?"

"లాటిన్ల పేర్లు వేరే తీర్ల రాస్తరు అత్తమ్మా" అన్న.

"అట్లనా" అన్నది. నమ్మిందో లేదో తెల్వదు. ఫోన్ పెట్టేసినంక నాకు అన్నం పోలే. ఇట్ల ఎన్నిసార్లు చెప్పాలె? అక్కకు చెప్పిన, ఈసారి పోయి అవ్వకు నిజం చెప్పేస్త అని. అక్క నా దిక్కు చూసి, "చెప్పి ఏం జేస్తవ్?" అని అడిగింది. కోపంతోని కాదు. నేను చేయగలిగిందేమన్న ఉంటే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

ఫిబ్రవరిల అవ్వకు దమ్ము ఎక్కువై భూపాలపల్లి దవాఖానల పెట్టిన్రు. నేను నిజం చెప్పాలనే పోయిన. దారి పొడుగూత మాటలు పేర్చుకున్న. ఆమెకు ముక్కుకు గొట్టాలు పెట్టిన్రు. మధ్యాహ్నం ఎండ మంచం మీదికి వస్తున్నది. నన్ను గుర్తుపట్టి చెయ్యి చాపింది.

"అవ్వా, ఆ కాగితం సంగతి..." అన్న.

"ఆఁ, గదే జెప్దామనుకున్న" అన్నది, మాట మాటకు ఆగి. "అది నాతోని వెట్టున్రి. పెట్టెల. నా చేతుల కింద. మా అమ్మను నేను ఎన్నడు సూడలే. ఆడ పోయినంక గుర్తువట్టాలె గదా. నువ్వే వెట్టాలె. నీకు ఆ భాష ఎరుక."

నేను సరేనన్న. ఆమె కండ్లు మూసుకున్నది. నర్సు వచ్చి, మాట్లాడియ్యకున్రి అన్నది. నేను బయట వరండాల బావ పక్కన కూసున్న.

మూడు రోజులకు పోయింది. చిట్యాలల సాగనంపినం. కాగితం నేనే పెట్టిన, ఆమె చేతుల కింద, రాసిన దిక్కు పైకి. తనకు లాటిన్ రాదని చెప్పిన ఫాదరే పూజ చేసిండు. ప్రార్థనల, ఫలానామె బిడ్డ ఫలానామె అని తల్లి పేరు గూడ చదివిండు. ఆయన నా దిక్కు చూడలే. నేను ఆయన దిక్కు చూడలే. అందరితోపాటు ఆమెన్ అన్న.

పోయిన నెల బావ గోరి మీదికి పలక చెక్కిస్తుండె. భూపాలపల్లిల చెక్కేటాయన దగ్గర నిలబడి, రాసిన నమూనా నాకు ఫోన్ల పంపిండు. అవ్వ పేరు, కింద తల్లి పేరు. "సదువుకున్నదానివి, తప్పులున్నయేమో సూడు" అన్నడు. నేను చూసిన. తల్లి పేరుల రెండో అక్షరానికి దీర్ఘం లేదు. దీర్ఘం పెట్టించమని చెప్పిన.